కషాయం కొట్టే ముందు ఆ పురుగుని ఒక డబ్బాలో పెట్టి చూడండి

పై వీడియోలో మీరు చూసింది మా మేడ మీద నందివర్ధనం మొక్కకి వచ్చిన పురుగు. మగవాళ్ల చూపుడు వేలంత ఉంటుంది. ఆకుపచ్చ రంగు, మెడ దగ్గర రెండు నీలం కళ్లు, వెనక చిన్న కొమ్ము. ఆ కళ్లు నిజం కళ్లు కావు, పిట్టల్ని బెదిరించడానికి ఉన్న మచ్చలు. వీడియో చివర్లో పుల్ల పట్టుకుని రెక్కలు ఆరబెట్టుకుంటున్న ఆకుపచ్చ రెక్కల పురుగు కూడా అదే. నాకు దొరికిన రోజు నుంచి ఎగిరిపోయిన రోజు దాకా నెల కూడా పట్టలేదు. దీన్ని ఇంగ్లీషు వాళ్లు ఓలియాండర్ హాక్ మాత్ అంటారు. గన్నేరు, నందివర్ధనం, బిళ్ళగన్నేరు, ఎక్కువగా ఇలాంటివే దాని తిండి. మన కూరగాయ మొక్కల్ని ముట్టుకోదు.

ఇది దొరికిన రోజే ఫోటో తీసి మిద్దెతోట చేసే నలుగురైదుగురికి పంపించాను. అందరూ ప్రకృతి వ్యవసాయం మీద నమ్మకం ఉన్నవాళ్లే. ఒకరు నీమాస్త్రం కొట్టండి అన్నారు. ఒకరు అగ్నిఅస్త్రం అయితే ఒక్క దెబ్బకి పోతుంది అన్నారు. ఇంకొకరు వేపనూనె, సబ్బు నీళ్లు కలిపే కొలత కూడా చెప్పారు. "ఇది ఏ పురుగు? ఏం తింటోంది? ఎంత తింటోంది?" అని ఒక్కరు అడగలేదు. వాళ్లని తప్పు పట్టడం లేదు. మూడేళ్ల క్రితం నన్ను అడిగినా అదే చెప్పేదాన్ని.

ఈసారి వీడియోతో పాటు ఇంత రాయడానికి కారణం అదే. రసాయన మందులు మానేశాం, సంతోషం. కానీ పురుగు కనపడగానే చెయ్యి పంపు మీదకి పోయే అలవాటు మానలేదు. డబ్బాలో మందు మారింది, మన బుద్ధి మారలేదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఇంటి తోటలో పేరు తెలియని ఏ పురుగుకీ వెంటనే కషాయం కొట్టకూడదు. ముందు ఒకటో రెండో పట్టి, డబ్బాలో పెట్టి, అది తినే ఆకే వేసి, ఏమవుతుందో చూడాలి. ఇది పిల్లల ఆట కాదు. తోట పనిలో ఇది కూడా ఒక పని, నీళ్లు పోయడం లాగే.

బియ్యపు గింజల్లాంటి గుడ్లు

నా తప్పు ముందు చెప్పుకోవాలి. అప్పట్లో మా వంగ మొక్కల మీద ఒక పెద్ద పురుగు కనపడింది. పక్కల ఏటవాలు గీతలు, వెనక వంకర కొమ్ము. దాని వీపు మీద తెల్లగా, చిన్న చిన్న బియ్యపు గింజల్లాంటివి వరసగా అంటుకుని ఉన్నాయి. "అమ్మో, ఇన్ని గుడ్లు పెట్టింది, ఇవన్నీ పగిలితే తోట మిగలదు" అనుకుని పురుగుతో సహా చితక్కొట్టాను. గుడ్లు నాశనం చేశానని ఆ రోజంతా గర్వంగా కూడా అనిపించింది.

ఆ తర్వాత తెలిసింది, అవి గుడ్లు కావు. అసలు ఏ గొంగళి పురుగూ గుడ్లు పెట్టదు. రెక్కలు వచ్చాక ఆడది మాత్రమే పెడుతుంది. ఈ మాట మనకి స్కూల్లో చెప్పిందే, తోటలోకి వచ్చేసరికి మర్చిపోతాం. ఆ తెల్ల గింజలు బ్రకానిడ్ జాతి చిన్న కందిరీగల గూళ్లు. ఆ కందిరీగ రెండు మూడు మిల్లీమీటర్లు కూడా దాటదు, మనల్ని కుట్టదు. పురుగు ఒంట్లో గుడ్లు పెడుతుంది, పిల్లలు లోపల్నించే తిని, బయటికి వచ్చి తెల్ల గూడు కట్టుకుంటాయి. అప్పటికే ఆ పురుగు పని అయిపోయినట్టే, ఇక ఆకు తినదు. అంటే నేను చంపింది చచ్చిపోతున్న ఒక్క పురుగుని, దాంతో పాటు నా తోటకి జీతం లేకుండా కాపలా కాసే పది ఇరవై కందిరీగల్ని.

చాలామంది అంటారు, "ఇది ఆకులు, గోమూత్రంతో చేసింది కదండీ, మంచి పురుగులకి ఏమీ కాదు" అని. ఇది నిజం కాదు. అగ్నిఅస్త్రంలో పొగాకు వేస్తాం. పొగాకులో ఉన్న నికోటిన్‌కి మంచి పురుగు, చెడ్డ పురుగు తేడా తెలియదు. వేపలో ఉన్న పదార్థం ఆకు తినే పురుగుకి తిండి సహించకుండా చేస్తుంది, చర్మం విడవనివ్వదు. అది లద్దె పురుగుకి ఎంత పనిచేస్తుందో కరివేపాకు మీద పెరిగే సీతాకోకచిలుక పిల్లకీ అంతే పనిచేస్తుంది. దుకాణంలో దొరికే బీటీ పొడి కూడా అంతే. సీతాకోకచిలుక పిల్లలు, మాత్ పిల్లలు అన్నిటికీ ఒకటే మందు. కషాయాలు వద్దని నేను అనను, నా దగ్గరా ఉన్నాయి. కానీ అవి ఆఖరి అస్త్రాలు. పేరులోనే అస్త్రం అని ఉంది, రోజూ వాడమని కాదు కదా.

సొర పిందెలు ఎందుకు రాలాయి

రెండో సంగతి. మిద్దెతోట వాళ్లందరికీ ఉన్న బాధే ఇది. సొర పాదు పందిరంతా పాకుతుంది, పూలు బోలెడు, పిందె వేలెడు కాగానే పసుపు రంగుకి తిరిగి రాలిపోతుంది. దీనికి నీళ్లు ఎక్కువ తక్కువ కావడం, కుండీ చిన్నది కావడం లాంటి కారణాలు చాలా ఉంటాయి. కానీ అన్నీ సరిగ్గా ఉన్నా రాలుతుంటే, పరాగం అందలేదని అర్థం. నేను కూడా సాయంత్రం ఏడింటికి టార్చి పట్టుకుని, మగ పువ్వు కోసి ఆడ పువ్వుకి రాసేదాన్ని. రెండు సీజన్లు అలాగే చేశాను.

ఒకరోజు టార్చి పట్టుకుని నిలబడి ఉండగా ఆలోచన వచ్చింది. సొర పువ్వు తెల్లగా ఎందుకుంటుంది? సాయంత్రం పూట ఎందుకు విచ్చుకుంటుంది? పొట్ల పువ్వు కూడా అంతే, తెల్లటి పీచుల అంచుతో రాత్రి విచ్చుకుంటుంది. పగలు తిరిగే తేనెటీగ కోసం అయితే ఆ రంగు, ఆ వేళ ఎందుకు? ఆ పూలు ముఖ్యంగా ఎదురుచూసేది రాత్రి తిరిగే రెక్కల పురుగుల కోసం. పొడుగాటి నాలుకతో, గాల్లో ఒకే చోట నిలబడి తేనె తాగే హాక్ మాత్‌లు ఇలాంటి పూలకి పరాగం మోస్తాయి. మగ చెట్టు, ఆడ చెట్టు వేరుగా ఉండే బొప్పాయికి కూడా ఇవి పనికొస్తాయి.

మరి ఆ హాక్ మాత్ ఎక్కడి నుంచి రావాలి? ఆకాశం నుంచి ఊడిపడదు. నందివర్ధనం మీద, చిలగడదుంప తీగ మీద, మల్లె మీద, చేమ ఆకు మీద కొమ్ముతో కనపడే పురుగే పెరిగి అది అవుతుంది. పగలు దాన్ని చంపి, రాత్రి దాని పని మనం టార్చి పెట్టుకుని చేస్తున్నాం. నాకు నవ్వొచ్చింది, సిగ్గు కూడా వేసింది. ఒక్క పురుగుని కాపాడితే పందిరి నిండా సొరకాయలు కాస్తాయని నేను చెప్పను. కానీ ఆ వేళకి తిరిగే ప్రాణిని మనమే లేకుండా చేసి, కాయ నిలబడటం లేదని ఇంకో ద్రావణం కొనుక్కోవడం మాత్రం తెలివైన పని కాదు.

పిచ్చుకల సంగతీ ఇంతే. పిచ్చుక గింజలు తింటుంది నిజమే, కానీ గూట్లో పిల్లలకి పెట్టేది ఎక్కువగా పురుగులే. చెక్క గూడు కొని వేలాడదీస్తాం, వరి కంకులు కడతాం. మొక్కల మీద ఒక్క పురుగు కూడా లేకుండా చేస్తే ఆ పిల్లలకి ఏం పెట్టాలి?

ఎలా వెతకాలి

పురుగుని వెతకొద్దు, దాని లద్దెలు వెతకండి. ఇది నాకు బాగా పనికొచ్చిన కిటుకు. కుండీ అంచు మీద, కింది ఆకుల మీద, గచ్చు మీద మిరియాల్లాంటి నల్లటి, ముదురాకుపచ్చ గుళికలు పడి ఉంటాయి. అవి తడిగా, కొత్తగా ఉంటే సరిగ్గా వాటి పైన కొమ్మల్లో చూడండి. గుళిక పెద్దదైతే పురుగు పెద్దది. తర్వాత తిన్న ఆకు చూడండి. పెద్ద కొమ్ము పురుగులు ఆకు అంచు నుంచి మొదలుపెట్టి ఈనె దాకా తినేస్తాయి. ఆకు జల్లెడలా, పచ్చదనం అంతా గీకేసి పల్చగా ఉంటే లద్దె పురుగు పిల్లలు గుంపుగా ఉన్నాయని అనుమానించండి.

పగలు కనపడకపోతే రాత్రి ఎనిమిది తర్వాత టార్చి వేసి చూడండి. చాలా పురుగులు రాత్రే తింటాయి. ఆకు వెనక వైపు చూడటం మర్చిపోవద్దు.

ఎలా పెంచాలి

ఖర్చేమీ లేదు. స్వీట్ షాపు వాళ్లిచ్చే ప్లాస్టిక్ డబ్బా చాలు. పెద్ద పురుగైతే ఐదు లీటర్ల నీళ్ల క్యాను పైభాగం కోసేయండి. మూతికి పాత నైలాన్ చీర ముక్క కట్టి రబ్బరు బ్యాండు వేయండి. గట్టి మూత పెట్టొద్దు, చెమ్మ పట్టి బూజు వస్తుంది. అడుగున పాత పేపరు పరిస్తే రోజూ లద్దెలతో సహా తీసి పారేయొచ్చు.

ఏ మొక్క మీద దొరికిందో ఆ మొక్క ఆకే వేయాలి. ఇంకేది పెట్టినా చాలా పురుగులు ముట్టుకోకుండా చచ్చిపోతాయి. ఏ కషాయమూ కొట్టని ఆకు కావాలి. చిన్న సీసాలో నీళ్లు పోసి కొమ్మ పెడితే రెండు రోజులు వాడకుండా ఉంటుంది. సీసా మూతికి దూది కుక్కండి, లేకపోతే పురుగు కిందికి పాకి నీళ్లలో పడి చస్తుంది. నా మొదటి పురుగు అలాగే పోయింది. డబ్బాని ఎండలో పెట్టొద్దు, చీమలు పట్టని చోట పెట్టండి.

మధ్యలో ఒక రోజంతా తినకుండా, కదలకుండా కూర్చుంటుంది. జబ్బు చేసిందని కదిలించొద్దు, చర్మం విడుస్తోంది. బాగా పెరిగాక ఒక్కసారిగా రంగు మారుతుంది. నందివర్ధనం పురుగైతే పచ్చ రంగు పోయి గోధుమ రంగుకి తిరుగుతుంది. తిండి మానేసి డబ్బా అంతా గిరగిరా తిరుగుతుంది. అప్పుడు అడుగున నాలుగంగుళాల మట్టి గానీ కోకోపీట్ గానీ కొంచెం తడిపి వేసి, పైన ఎండుటాకులు పరవండి. కొన్ని మట్టిలోకి దిగుతాయి, కొన్ని ఆకుల కిందే ప్యూపా అవుతాయి. ఆ తర్వాత తవ్వి చూడొద్దు. రెండు మూడు పుల్లలు నిలబెట్టండి. బయటికి వచ్చిన రెక్కల పురుగు పుల్ల ఎక్కి వేలాడితేనే రెక్కలు విచ్చుకుంటాయి. పుల్ల లేకపోతే రెక్కలు ముడుచుకుపోయి ఇక ఎగరలేదు.

ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. తేదీ, మొక్క, పురుగు ఎలా ఉంది, చివరికి ఏం వచ్చింది, ఈ నాలుగూ రాస్తే చాలు. ఒక్కోసారి రెక్కల పురుగు రాదు. తెల్ల గూళ్లు వస్తాయి, లేకపోతే గోధుమ రంగు గుళికలోంచి ఈగ వస్తుంది. అది టాకినిడ్ ఈగ, అది కూడా పురుగులోనే పెరిగేది. నిరుత్సాహపడకండి, మీ తోటలో కాపలా ఉందని దాని అర్థం. డబ్బా తోటలోకి తీసుకెళ్లి మూత తీసేయండి. ఆ సీజన్‌కి ఆ మొక్కకి కషాయం బంద్.

ఏవి వదలకూడదు

అన్ని పురుగులనీ ముద్దు చేయమని నేను చెప్పడం లేదు. పొగాకు లద్దె పురుగు రెక్కలది ఒక్కో చోట వందల గుడ్లు గుంపుగా పెట్టి, పైన గోధుమ రంగు నూగు కప్పుతుంది. ఆ ఆకు కనపడితే తుంచి తీసేయండి. పిల్లలు జల్లెడ ఆకు మీద గుంపుగా ఉన్నప్పుడే తీస్తే ఒక్క ఆకుతో పోతుంది. చెదిరిపోయాక పట్టుకోలేరు. వంగలో కొమ్మ చివర్లు వాలిపోతే లోపల కాయ తొలుచు పురుగు ఉన్నట్టు, వారానికోసారి ఆ చివర్లు తుంచేయాలి. లోపల దాక్కున్న పురుగుకి పై నుంచి కషాయం కొట్టి లాభం కూడా తక్కువే.

వీటిలో కూడా ఒకటి రెండు డబ్బాలో పెట్టి చూడండి, మిగతావి తీసేయండి. తుంచి తీయడానికి, గుడ్డిగా మొక్కంతా తడిపేయడానికి చాలా తేడా ఉంది. మొదటిది ఆ పురుగుతోనే ఆగుతుంది.

ఇంకో జాగ్రత్త. ఒళ్లంతా బొచ్చు ఉన్న గొంగళి పురుగుల్ని చేత్తో ముట్టుకోవద్దు. మునగ చెట్టు కాండం మీద గుంపులుగా ఉండేవి తగిలితే దద్దుర్లు, మంట. పిల్లలున్న ఇంట్లో వాటిని పెంచకపోవడమే మంచిది. మొదటిసారి చేసేవాళ్లు బొచ్చు లేని కొమ్ము పురుగులతో మొదలుపెట్టండి. ఆ కొమ్ము మెత్తగా ఉంటుంది, కుట్టదు.

"పురుగుల్ని పెంచుతున్నావా?"

పక్కింటి పిన్నిగారు డబ్బా చూసి, "ఏమ్మా, మందు కొట్టి చంపాల్సిన దాన్ని కూర్చోబెట్టి మేపుతున్నావా?" అన్నారు. నేను, "పిన్నీ, మీ పెళ్లి పట్టుచీర ఎక్కడి నుంచి వచ్చింది?" అన్నాను. ఆవిడ నవ్వేశారు.

మనం పురుగుల్ని పెంచని జాతి కాదు కదా. హిందూపురం, మడకశిర, పలమనేరు వైపు మల్బరీ ఆకు కోసి, వేళకి మేత వేసి, ఇరవై ఐదు రోజులు పసిపిల్లల్ని చూసినట్టు చూస్తారు. తెలంగాణలో చెన్నూరు, మహదేవపూర్ అడవుల్లో మద్ది చెట్ల మీద దసలి పట్టు పురుగుల్ని పెంచుతారు. అవి కూడా మాత్ పిల్లలే. పట్టు రైతు తోట పక్కన ఎవరైనా మందు కొడుతుంటే ఎంత గాభరా పడతాడో అడిగి చూడండి. గాలికి వచ్చిన కాస్త మందుతో పంట మొత్తం పోతుందని అతనికి తెలుసు, ఎందుకంటే రోజూ చూస్తాడు. మనం చూడం కాబట్టి మనకి తెలియదు. అతని షెడ్డులోకి వచ్చే ఊజీ ఈగ కూడా పురుగులో పెరిగే ఈగే. అక్కడ అది శత్రువు. అలాంటి ఈగే మన వంగ మొక్క దగ్గర మిత్రుడు. పురుగు మంచిదా చెడ్డదా అనేది దాని నుదుటి మీద రాసి ఉండదు, ఎక్కడ ఏం చేస్తోందో చూస్తేనే తెలుస్తుంది.

ఇంకో మాట. రైతులకి ఇచ్చే ట్రైకోకార్డులు చూశారు కదా. ఒక్కో కార్డు మీద సుమారు 20 వేల గుడ్లు అంటించి ఉంటాయి. ఆ గుడ్లు బియ్యంలో గూళ్లు కట్టే రెక్కల పురుగువి. ఆ పురుగుని పనిగట్టుకుని పెంచి, దాని గుడ్లలో ట్రైకోగ్రామా అనే చిన్న పరాన్నజీవిని పెంచి, పొలంలో వదులుతారు. ఆ మిత్రపురుగు బతకాలన్నా ముందు ఇంకో పురుగు ఉండాలి. పురుగే లేని తోటలో మిత్రపురుగు కూడా ఉండదు. జీరో పురుగు తోట కావాలనుకుంటే ప్రతి వారం పంపు భుజాన వేసుకుని తిరగాల్సిందే.

"మాది నాలుగు వంగ మొక్కల తోట, పురుగుకే పెడితే మేమేం తినాలి?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. నా లెక్క ఇది. నందివర్ధనం, గన్నేరు, చేమ ఆకు లాంటివి ఆకులు పోయినా పది రోజుల్లో చిగురిస్తాయి, వాటి మీద దొరికినవి మొక్క మీదే వదిలేస్తాను. కూరగాయ మొక్క మీద దొరికితే డబ్బాలోకి మారుస్తాను, రోజుకి రెండు మూడు ముదురాకులు వేస్తాను. లేత చిగురు నాది, ముదురాకు దానిది. మొక్కకి నష్టం లేదు, నాకు పాఠం మిగులుతుంది. ఆకులు సగం దాటి పోతున్నా, పురుగులు చేతికి అందనన్ని ఉన్నా అప్పుడు కషాయం తీస్తాను. అదీ ఆ ఒక్క మొక్కకే, సాయంత్రం పూట, తెల్ల గూళ్లు ఉన్న ఆకులు ముందే తీసి పక్కన పెట్టి.

వీడియోలోని రెక్కల పురుగుని రాత్రి ఏడున్నరకి వదిలేశాను. పందిరి మీద నుంచి ఒక చుట్టు తిరిగి చీకట్లోకి వెళ్లిపోయింది. సొర పువ్వు మీద వాలుతుందేమోనని కెమెరా పట్టుకుని చాలాసేపు నిలబడ్డాను, వాలలేదు. అందుకే ఆ సీను వీడియోలో లేదు. ఈ సీజన్‌లో టార్చి మాత్రం ఇంట్లోనే పెట్టాను, పువ్వులకి చేత్తో రాయడం మానేసి చూద్దామని. ఎన్ని పిందెలు నిలబడ్డాయో, ఎన్ని రాలాయో నోటుబుక్కులో రాస్తున్నాను. మంచి అయినా చెడు అయినా పాదు తీసేసే రోజు లెక్క చూపిస్తాను.

ఈలోపు మీరు ఒక్క పని చేయండి. ఈ ఆదివారం పంపులో కషాయం పోసే ముందు, ఒక ఖాళీ డబ్బా పట్టుకుని తోటలోకి వెళ్లండి.